కతోలిక పాఠశాలలో బిడ్డను చేర్చుట
(జనగామలో తల్లిదండ్రుల సభయందు చేసిన ప్రసంగము)



న్యాయవాదికి బడి సంగతులేల యని మీలో కొందరు తలపవచ్చును. గత సంవత్సరము మానుకోట ప్రాంతపు రైతు ఒకరు ప్రోనోటు నోటీసు చేతబట్టుకొని మాయొద్దకు వచ్చిరి. నూటికి మూడు రూపాయల వడ్డీకి నలుబదివేలు తెచ్చినారు. వ్యవసాయమునకా యని అడిగితిమి. కాదట. నాలుగవ తరగతి కుమార్తెను ‘ఫాదర్ల బడి’లో చేర్చుటకట! ఆ బడి పేరునకు ముందు ‘సెయింటు’ అను మాట కలదు, గోడపై మరియమాత చిత్రము కలదు. విచారింపగా అది ఏ మేత్రాసనమునకుగాని, ఏ మఠమునకుగాని చెందినది కాదు. నలుగురు భాగస్థులు కలిసి పెట్టిన వ్యాపారము. వ్యాపారము నేరమని మేమనము. ఆయన కోరినదొకటి, దొరికినది వేరొకటి. రెండవ వాయిదా కట్టలేక బిడ్డను మాన్పింపబోగా బదిలీ పత్రమును నిలిపివేసిరి.

కావున మొదట తెలిసికొనవలసినది బడి యెవరిదన్న సంగతి. కతోలిక పాఠశాల యనగా మేత్రాసనముగాని, ఆ మతమునకు చెందిన కన్యస్త్రీల లేక సోదరుల సభగాని నడపునది. ఈ ప్రాంతమునకు వరంగల్లు మేత్రాసనము 1952లో ఏర్పడినది. దాని ప్రధాన దేవాలయము కాజీపేటలోని ఫాతిమామాత గుడి. అచ్చటనే గేబ్రియల్ సోదరుల పాఠశాల కలదు. మిషను బడులన్నియు కతోలికుల వనుకొనుటయు పొరపాటే. హనుమకొండకు అమెరికను బాప్టిస్టులు పందొమ్మిదవ శతాబ్దముననే వచ్చిరి. నిర్వాహక సంఘము పేరు గుర్తింపు ఉత్తరువులో నుండును. దానిని చూపుమని అడుగుటలో తప్పులేదు. సందేహము తీరనిచో సమీపపు చర్చి గురువును అడిగిన ఒక్క మాటలో తేలును.

ఈ బడులపై మనవారికి మక్కువ యేల? ఇంగ్లీషు కొరకు, క్రమశిక్షణ కొరకు అందురు. మూడవ కారణ మొకటి కలదు. కన్యస్త్రీలు తామే పాఠములు చెప్పుచోట, వచ్చిన లాభమును పంచుకొను భాగస్థు లుండరు. అందువలన చిన్న ఊళ్ల బడులలో జీతము తక్కువగా నుండుటకు వీలు కలదు. (పాఠశాలకు కట్టు సొమ్మును మన పెద్దలు జీతమనియే అనెడివారు.) కాని కతోలికులదైనంత మాత్రమున ప్రతి బడియు చౌక కాదు. పట్టణములలో పేరుమోసిన వాని జీతము సామాన్యునికి అందదు.

లెక్క వేయునపుడు జీతమొక్కటి చూచుట మన అలవాటు. ప్రవేశరుసుము, పుస్తకములు, రెండు జతల దుస్తులు, బూట్లు, పరీక్షరుసుము, అన్నింటికంటె ఆటో లేక బస్సు కిరాయి, ఇవన్నియు కూడవలయును. జనగామ, మానుకోటల నుండి కాజీపేటకు రైలు కలదు. భూపాలపల్లికి రైలే లేదు. అచ్చటి బిడ్డను కాజీపేటకు పంపవలెనన్న వసతిగృహపు ఖర్చు మీద పడును. సింగరేణి కార్మికునికి నెలనెల వేతనము వచ్చును. అదే వీధిలోని కూలికి పని దొరికిన దినముననే డబ్బు. ఇరువురికి ఒకే బడి సరిపోవునా? వడ్డీకి తేక ఇంటి రాబడి నుండి పదవ తరగతి వరకు కట్టగలిగిన మొత్తమెంతో ముందు తేల్చుకొని, బడిని తరువాత వెదకవలయును. ఒకటవ తరగతి జీతము చూచి చేర్చి, ఆరవ తరగతి జీతము విని గుండెలు బాదుకొనినవారిని మేమెరుగుదుము.

ఇక చట్టము సంగతి. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రైవేటు బడులలో నాలుగింట నొక వంతు స్థానములు బీదబిడ్డలకు ఉచితముగా ఈయవలెనన్నది. ఆ హక్కు నడుగవచ్చునని కొందరు కతోలిక బడులకు పోవుచున్నారు. 2014 మే నెలలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము ఆ చట్టము అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలకు వర్తింపదని తీర్పు చెప్పినది. 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తులు ఆ తీర్పును విస్తృత ధర్మాసనము పునఃపరిశీలింపవలెనని ప్రధాన న్యాయమూర్తికి నివేదించిరి. నివేదించినంతనే తీర్పు పోదు. కనుక అచ్చట రాయితీ హక్కు కాదు, విన్నపము. విన్నపమునకు సిగ్గుపడ నక్కరలేదు. ఇంటి స్థితిని తెలుపుచు ప్రధానోపాధ్యాయురాలికి వ్రాతమూలకముగా అర్జీ పెట్టుకొనుడు, వచ్చిన రాయితీని వ్రాతలోనే పుచ్చుకొనుడు. నోటిమాట మరుసటి సంవత్సరము నిలువదు. విరాళమను పేర ప్రవేశమునకై సొమ్ము గుంజుటను 1983 నాటి మన రాష్ట్ర చట్టము నిషేధించినది. కట్టిన ప్రతి రూపాయికి రసీదు తీసికొనవలయును.

మతమును గూర్చి గుసగుసలు మానుదము. రాజ్యాంగపు 28వ అధికరణము మూడవ ఖండము ప్రకారము, ప్రభుత్వ గుర్తింపుగాని సహాయముగాని గల విద్యాసంస్థలో బాలుని సంరక్షకుని సమ్మతి లేక మతబోధకుగాని ఆరాధనకుగాని హాజరుపరచరాదు. ప్రార్థనవేళ మా బిడ్డ ఏమి చేయును, జ్ఞానోపదేశపు గంటలో ఎక్కడ కూర్చుండును అని చేర్చునాడే మర్యాదగా అడుగుడు. అడుగక చేర్చి, ఏడాది గడిచిన పిమ్మట గేటువద్ద కేకలు వేయుట పెద్దమనుషుల పని కాదు. మాకు సిలువ యెడల పేచీ లేదు. తెలుగు మాటాడిన బిడ్డకు జుల్మానా వేయు బడి యెడల కలదు, అది ఎవరిదైనను సరే. 2018 నాటి తెలంగాణ చట్టము తెలుగు బోధనను అన్ని బడులకు విధించినది. ఆ పుస్తకము తెరచి ఒక పుట చదువుమని అచ్చటి బాలుని అడిగి చూడుడు.

కాగితములు సామాన్యమైనవే: జనన ధ్రువపత్రము, ఆధారు, ఛాయాచిత్రములు, కావలసినచో కులపత్రము, పై తరగతులకు బదిలీ పత్రము. కతోలిక కుటుంబములవారు జ్ఞానస్నాన పత్రమునుకూడ సిద్ధముగా నుంచుకొనుడు. ఇంటిపేరు, పుట్టిన తేదీ అన్నింటిలో ఒక్కతీరున నుండవలయును. చేర్చునాడు తొందరలో వ్రాసిన అక్షరమే పదవ తరగతి పత్రములో దిగును. దానిని దిద్దించుటకై తరువాత మావంటివారికి రుసుమిత్తురు. మా రాబడికి హాని యైనను చెప్పుచున్నాము.

ఆ మానుకోట రైతు కుమార్తె సంగతి. ప్రభుత్వ బడికి మారు బిడ్డకు బదిలీ పత్రమును వెంటనే ఈయవలెననియు, అది ఆలస్యమైన కారణమున అచ్చట ప్రవేశము ఆపరాదనియు విద్యాహక్కు చట్టపు 5వ సెక్షను చెప్పుచున్నది. ఆ మాటలే వ్రాసి జాబు పంపితిమి. పదిదినములలో పత్రము వచ్చినది. అప్పు రాజీలో పడి వాయిదాలలో తీరుచున్నది. బాలిక ఊరి ప్రభుత్వ పాఠశాలలో చదువుచున్నది. తమ్ముని మాత్రము ఈ జూనులో కన్యస్త్రీల చిన్న బడిలో చేర్చిరి. చేర్చుటకు ముందు తండ్రి మూడుమారులు పోయి, సాయంకాలము గేటువద్ద నిలిచి, బయటకు వచ్చు పిల్లల ముఖములు చూచి, వారి తండ్రులను జీతమెంతని అడిగి వచ్చెనట.