ఇంట్లోనే ఉంటారు కదా, టీకా ఎందుకు?

(వార్డులో రోగుల కుటుంబ సభ్యులకు ఇచ్చిన ఆరోగ్య ప్రసంగం)



మీవారి మంచం పక్కన రాత్రింబవళ్ళు కూర్చుంటున్న మీతో, కరోనా కాలంలో మన దేశంలో జరిగిన టీకాల కార్యక్రమం గురించి నాలుగు మాటలు చెప్పదలిచాను. అందులో మన ఇళ్ళకు పనికివచ్చే పాఠం ఒకటి ఉన్నది.

2021 జనవరి 16న టీకాలు మొదలయ్యాయి. ముందుగా ఆసుపత్రి సిబ్బందికి వేశారు. మార్చి 1 నుండి 60 ఏళ్ళు దాటినవారికి, దీర్ఘకాలిక జబ్బులతో బాధపడుతున్న 45 ఏళ్ళు దాటినవారికి వేశారు. మే 1 నుండి 18 ఏళ్ళు నిండిన వారందరికీ అనుమతి ఇచ్చారు. టీకాలు తక్కువగా ఉన్నప్పుడు ప్రాణాపాయం ఎక్కువ ఉన్నవారికి ముందు ఇవ్వాలన్నదే ఈ వరుసకు ముఖ్య కారణం. ఎక్కువగా వాడినవి రెండు టీకాలు: పూణేలో తయారైన కోవిషీల్డ్, మన హైదరాబాదులో తయారైన కోవాక్సిన్.

2021 అక్టోబరు 21 నాటికి 100 కోట్ల డోసులు, 2022 జులై 17 నాటికి 200 కోట్ల డోసులు పూర్తయ్యాయి. ఇది చిన్న సంగతి కాదు.

అయినా కొందరు వెనుకబడ్డారు. ఎవరు? మంచం దిగలేనివారు, కేంద్రం దాకా నడవలేని ముసలివారు. "అమ్మ గడప దాటదు కదా, ఆమెకెందుకు?" అనుకున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. కానీ జబ్బు అమ్మ దగ్గరకు తనంతట తాను నడిచి రాదు. బజారుకు, పనికి వెళ్ళి వచ్చిన మనమే తెస్తాం. అందుకే 2021 సెప్టెంబరులో కదలలేనివారికి ఇంటివద్దనే టీకా వేసేందుకు కేంద్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. నవంబరులో 'హర్ ఘర్ దస్తక్' అనే కార్యక్రమం పెట్టారు. అంటే ప్రతి ఇంటి తలుపూ తట్టడం అన్నమాట.

తట్టేది ఆరోగ్య కార్యకర్త అయినా, తలుపు తీయవలసింది కుటుంబమే.

టీకా వేసుకున్నా కొందరికి కరోనా వచ్చింది, నిజమే. టీకా శత్రువు ఆనవాళ్ళను మన శరీరానికి ముందుగా చూపిస్తుంది. శత్రువు అసలు గుమ్మంలోకే రాడని కాదు, వస్తే శరీరం వెంటనే గుర్తుపట్టి పోరాడుతుందని. జబ్బు ముదరడం, మరణించడం బాగా తగ్గాయి. జ్వరం, ఒళ్ళునొప్పులు చాలామందికి వచ్చి ఒకటి రెండు రోజుల్లో పోయాయి. తీవ్రమైన దుష్ఫలితాలు చాలా అరుదుగా వచ్చిన మాట కూడా దాచకూడదు. అందుకే టీకా వేశాక కొంతసేపు కూర్చోబెట్టి గమనించేవారు.

కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. పాఠం మాత్రం ముగియలేదు. మీవారిని ఇంటికి తీసుకువెళ్ళే ముందు డాక్టరుగారిని ఈ మూడు ప్రశ్నలు అడగండి:

1. వీరి వయసుకు, జబ్బుకు ఫ్లూ, న్యుమోనియా టీకాలు అవసరమా?
2. ఇప్పుడు వాడుతున్న మందులతో ఏ టీకా అయినా వాయిదా వేయాలా?
3. దగ్గరుండి చూసుకునే మేము ఏవైనా టీకాలు వేయించుకోవాలా?

గాయపడి దారిలో పడి ఉన్నవానిని చూచి దాటిపోనివాడే పొరుగువాడని ప్రభువు నేర్పాడు. మన ఇంట్లో మంచం మీద ఉన్నవారిని దాటిపోకుందుము గాక. దేవుడు మీ రోగులను స్వస్థపరచి, మిమ్మును దీవించును గాక.