కొడవలికి కొత్త పిడి



తెల్లారితే వరికోత. కొడవలి పిడి చూస్తే వదులుగా ఉంది. చాలామంది ఏం చేస్తారు? రాత్రి బక్కెట్టు నీళ్ళలో పడేస్తారు. పొద్దునకి పిడి బిగుస్తుంది. మధ్యాహ్నం ఎండకు మళ్ళీ కదులుతుంది. ఈసారి ఇంకా ఎక్కువ కదులుతుంది.

ఎందుకలాగ? కర్ర నీళ్ళు తాగి ఉబ్బుతుంది. లోపల ఉన్న ఇనుము జరగదు. ఉబ్బిన కర్ర ఇనుముకు ఒత్తుకుని నలిగిపోతుంది. ఎండాక ఆ నలిగిన మేర సందు పెరుగుతుంది. పైగా తడికి ఇనుము తుప్పు పడుతుంది. పిడి లోపల కాబట్టి ఆ తుప్పు కంటికి కనపడదు.

పిడి కదిలితే కొడవలి చేతిలో తిరుగుతుంది. దుబ్బు పట్టుకున్నది ఎడమచెయ్యి. దెబ్బ దానికే. చిటికెన వేలు తెగితే పది రోజుల కూలి పోయినట్టే. ధనుర్వాతం సూది కోసం ఆసుపత్రికి పరుగెత్తాలి. కోత మిషన్లు వచ్చాయి, నిజమే. కానీ మడి మూలలూ, గట్టుమీది గడ్డీ ఇప్పటికీ కొడవలి పనే.

పిడి మార్చడం కష్టం కాదు. ముందు పాతది తీయాలి. కొందరు కొడవలిని పిడితో సహా పొయ్యిలో పెడతారు. అలా చేయొద్దు. కమ్మరి దాన్ని ఎర్రగా కాల్చి, నీళ్ళలో ముంచి గట్టిచేసి ఉంటాడు. మళ్ళీ నిప్పులో పడితే ఆ గట్టిదనం పోతుంది. తర్వాత ఎంత నూరినా పదును నిలవదు.

కొడవలి వంపుకు గోనెగుడ్డ మందంగా చుట్టి తాడుతో కట్టండి. పిడిని మరిగే నీళ్ళలో కాసేపు ఉంచండి. లోపల లక్క ఉంటే మెత్తబడుతుంది. అప్పుడు లాగితే వస్తుంది. రాకపోతే ఉలితో కర్రను నిలువుగా చీల్చండి. పిడి మూతికి ఉన్న ఇనుప కట్టు, అదే పొన్ను, పారేయకండి. అది మళ్ళీ కావాలి. పిడిలోకి దిగే సన్నటి ఇనుప కొసను తోక అందాం. తోక తుప్పును గరుకు రాయితో గీకేయండి. అది సగానికి సగం తినేసి ఉంటే పిడి మార్చి లాభం లేదు, కమ్మరికి చూపించాలి.

కొత్త పిడికి బాగా ఎండిన నల్లతుమ్మ కర్ర మంచిది. పచ్చికర్ర వద్దు. ఎండేకొద్దీ అది కుంచించుకుపోయి పగులుతుంది. ఇక కొలత. సంతలో అమ్మే పిడులు చాలా వరకు ఆడవాళ్ళ చేతికి లావే. కోసేది ఆడవాళ్ళు కదా! ఆ చేతి కొలత ఎవరూ అడగరు. గుప్పిట పట్టి చూడండి. బొటనవేలు మధ్యవేలి కొసమీదికి రావాలి. చుట్టుకొలత సుమారు 4 అంగుళాలు, పొడవు 5 అంగుళాలు చాలు. గుండ్రంగా కాక కోడిగుడ్డులా కొంచెం చప్పిడిగా చెక్కితే చేతిలో తిరగదు.

ముందు పొన్ను బిగించండి, లేకుంటే కర్ర చీలుతుంది. బెజ్జం తోక కంటే కొంచెం సన్నంగా ఉండాలి. వడ్రంగి బరమాతో నిమిషంలో వేసిస్తాడు. బెజ్జంలో లక్కపొడి పోయండి. కాస్త ఇటుకపొడి కలిపితే ఇంకా గట్టి. కొడవలి వంపుకు తడిగుడ్డ చుట్టి, పట్టకారుతో పట్టుకుని, తోకను మాత్రమే నిప్పులమీద కాల్చండి. వేడి తోకను బెజ్జంలో నిటారుగా దించండి. పొగ వస్తుంది, మొహం దూరంగా పెట్టండి. తర్వాత పిడి అడుగును మొద్దుమీద నాలుగుసార్లు నిలువుగా కొట్టండి. కొడవలి బరువుకే తోక దిగుతుంది. కొడవలి మీద సుత్తితో కొట్టొద్దు.

చల్లార్చడానికి నీళ్ళు పోయకండి, దానంతట అదే ఆరాలి. చల్లారాక పిడి పట్టుకుని గట్టిగా ఊపి చూడండి. కొంచెం కదిలినా మళ్ళీ తీసి లక్క పోయాల్సిందే. పిడికి రంగు మాత్రం వేయొద్దు, చెమట చేతికి జారుతుంది.