ఒక ధాన్యము, రెండు ధారలు
(మా సంఘపు సభలో చేసిన ప్రసంగ పాఠము)



బీరును గూర్చి ఈ వేదికపై ప్రసంగమేమని కొందరు నొసలు ముడిచియుందురు. త్రాగుడని చెప్పుటకు మేము రాలేదు. మన రాష్ట్రములలో లైసెన్సు లేక ఇంట మద్యము కాచుట నేరమే. అయినను ఒకే ధాన్యమునుండి రెండు బలముల బీర్లను తీసిన ఇంగ్లండు గృహిణుల నేర్పు మన వంటయింటికి దూరమైనది కాదు. ఫిల్టరులోని మొదటి డికాక్షను అతిథులకును, అదే పొడిమీద మరల నీళ్లు పోసి దింపిన రెండవది పనివారికిని ఇచ్చుట చూడనివారు మనలో ఎందరు?

బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, వేడిగాలికి ఆరబెట్టినచో మాల్టు అగును. మన పిల్లలకు కాచియిచ్చు రాగిమాల్టుకు ఇది చుట్టమే. దానిని బరకగా విసరి, కలిపిన పిమ్మట సుమారు 67 డిగ్రీల సెంటిగ్రేడు వేడి నిలుచునట్లు వేడినీటితో కలిపి, మూతపెట్టి గంటసేపు ఉంచవలెను. మొలకలో పుట్టిన ఎంజైములు గింజలోని పిండిని చక్కెరగా మార్చును. అప్పుడు పాత్ర అడుగునుండి వదలిన రసము మిక్కిలి తియ్యగా, చిక్కగా దిగును. ఇది మొదటి ధార. కాని గింజ ఇంచుమించు తన బరువంత రసమును పట్టుకొని విడువదు. దానిమీద మరల వేడినీరు పోయగా వచ్చునది రెండవ ధార.

ఇంటింట కాచువారిలో ఒక ఉజ్జాయింపు లెక్క కలదు. తీసిన రసమంతటిలో మొదటి మూడవ వంతులోనే సగము చక్కెర వచ్చును. తక్కిన సగము మిగిలిన రెండు వంతులలో పలుచబడును. 6 కిలోల మాల్టుతో 24 లీటర్లు తీసినచో, మొదటి 8 లీటర్లు నూటికి 8 పాళ్ల ఆల్కహాలు గల బీరగును. తరువాతి 16 లీటర్లు నూటికి 4 పాళ్లది. రెండింటిని వేర్వేరుగా హాప్స్ పూలతో కాచి, చల్లార్చి, ఈస్టు వేయుదురు. రెండవది మరీ నీళ్లగునని తోచినచో, నీరు పోయుటకు ముందు కొంత క్రొత్త మాల్టు పైన కలుపుదురు. లోభము మాత్రము పనికిరాదు. తీపి అడుగంటిన పిదపను నీరు పోయుచుండినను, ఆ నీరు మరీ కాగినదైనను, పొట్టులోని వగరు దిగును. ఆ వగరును తరువాత తీయుట ఎవరి తరము కాదు.

ధారలను వేర్వేరుగానే ఉంచవలెనను నియమము లేదు. లండనులో చిజ్విక్కునందలి ఫుల్లర్స్ బ్రూవరీ, రెండు ధారలను పాళ్లు మార్చి కలిపి, ఒకే మాల్టునుండి పలు బలముల బీర్లు తీసి పేరొందినది. ఇండ్లలో కాచుకొనుటకు బ్రిటనులో 1880లో వచ్చిన లైసెన్సు 1963లో తొలగెను. నాటినుండి పాత నేర్పు సామాన్యుని వంటయింటికి మరల వచ్చినది.

పూర్వము చిక్కని బీరు నెలల తరబడి నిలిచి పండుగలకు వచ్చెడిది. పలుచనిది త్వరగా పులియును గనుక వెంటనే త్రాగివేయవలెను. దానిని స్మాల్ బీర్ అనిరి. పిల్లలకును, పనివారికిని నిత్యము దొరకినది అదే. పీపాలను విభజించిన చేయియే మనుష్యులనుకూడ విభజించినది. మాకు కటువుగా తోచునది ఇదియే; మన కాఫీ ఫిల్టరును తలచుకొనినప్పుడు మరింత కటువు.

అట్లు చేయని యిల్లాలొకతె కలదు. ఎస్సెక్సులోని రాడ్‌వింటరు పాదరీ విలియం హారిసన్ తన ఇంగ్లండు వర్ణన గ్రంథపు 1587 కూర్పులో, తన భార్య పనికత్తెలతో కూడి నెలకొకమారు బీరు కాచు విధమును వ్రాసినాడు. 8 బుషెళ్ల మాల్టు, అర బుషెలు గోధుమపిండి, అంతే ఓట్సు. మొదటిసారి పోయు నీరే 80 గ్యాలన్లు. దాని వెనుక రెండవ నీరు, ఆపై మూడవది. కాచి చల్లార్చిన మొదటి రసమును ఆమె వేరుగా దాచలేదు. తరువాతి రసమును దానిలోనే కలిపినది. ఖర్చు 20 షిల్లింగులు, వచ్చినది 200 గ్యాలన్లు. తనవంటి బీదవానికి తగిన బీరని ఆయన మాట. ఆ 20 షిల్లింగుల పద్దులో మాల్టు, కట్టెలు, హాప్స్ వెలలతోపాటు పనివారి కూలియు కలదు.