సూపర్‌వైజర్ పదవికి సరే అనే ముందు



మన పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం ఫ్యాక్టరీల్లో ఐటీఐ చదివి చేరిన కుర్రాడు ఏడెనిమిదేళ్లు మిషన్ మీద నిలబడతాడు. ఒకరోజు మేనేజర్ పిలిచి, ‘‘నీకు పని తెలుసు, వచ్చే నెల నుంచి లైన్ నువ్వే చూసుకో’’ అంటాడు. ఇంట్లో సంతోషం. పెళ్లి సంబంధాల దగ్గర కూడా ఆ హోదాకు విలువే. అక్కడికక్కడే సరే అనేస్తాడు. సరే అనే ముందు కొన్ని సంగతులు చూసుకోవాలని చెప్పడానికే వచ్చాను.

డబ్బు సంగతి దాచకుండా మాట్లాడుకుందాం. మూల వేతనం, డీఏ కలిపి మీకు నెలకు 22,000 వస్తోందనుకోండి. ఇరవయ్యారు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు. గంటకు సుమారు 106 రూపాయలు పడుతుంది. ఓటీకి చట్టప్రకారం రెట్టింపు, అంటే 211. నెలలో ఇరవై నాలుగు గంటల ఓటీ చేస్తే మరో ఐదు వేల పైచిలుకు. చేతికి 27,000 దాటుతుంది. సూపర్‌వైజర్ జీతం 26,000 అని, ఓటీ ఉండదని చెబితే, అది పెరుగుదలగా పైకి కనిపించే తగ్గుదల. పైగా షిఫ్టు అయిపోయాక రిపోర్టు రాసేదాకా, తర్వాతి షిఫ్టు మనిషి వచ్చేదాకా కదలడానికి ఉండదు.

చట్టం సంగతి ఇంకా ముఖ్యం. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, సూపర్‌వైజర్ పని చేస్తూ నెలకు 18,000కు మించి వేతనం తీసుకునేవారు ‘కార్మికుడు’ నిర్వచనంలోకి రారు. పాత 1947 చట్టంలో ఆ పరిమితి 10,000. రేపు ఉద్యోగంలోంచి తీసేస్తే కార్మికుడికి ఉన్న రక్షణ మీకు ఉండదు. అయితే కోర్టులు హోదా పేరు చూసి ఊరుకోవు, మనిషి ప్రధానంగా చేసే పనేమిటో చూస్తాయి. పేరుకు సూపర్‌వైజర్‌ని చేసి రోజంతా మిషన్ నడిపిస్తుంటే ఆ సంగతి రుజువు చేసే కాగితాలు దాచుకోండి.

ఇక అసలు విషయం, అధికారం. సింగరేణి బొగ్గు బాయిలో పని చూసుకునే సర్దార్‌ని చూడండి. కార్మికుడిగా బాయిలోకి దిగినవాళ్లు ఎందరో పరీక్ష రాసి, గ్యాస్ టెస్టింగ్, ప్రథమ చికిత్స సర్టిఫికెట్లు తెచ్చుకుని సర్దార్లయ్యారు. పని మొదలయ్యే ముందు సర్దార్ ఆ చోటంతా తిరిగి చూడాలి. పైకప్పు తట్టి చూడాలి, గ్యాస్ ఉందేమో పరీక్షించాలి. ప్రమాదం కనిపిస్తే మనుషుల్ని వెనక్కి పంపి, అక్కడికి ఎవరూ వెళ్లకుండా కంచె కట్టించాలి. బొగ్గు గనుల నిబంధనల్లోనే ఇది రాసి ఉంది. బాధ్యతతో పాటు పని ఆపే అధికారం కూడా అతని చేతికి వస్తుంది.

మన లైన్ సూపర్‌వైజర్‌కు ఆ అధికారం ఉందా? టార్గెట్ తగ్గితే పిలిచి అడుగుతారు, ఎవరి చేయైనా నలిగితే సంజాయిషీ రాయిస్తారు. మరి గార్డు లేని ప్రెస్సును ఆపించే మాట అతనికి ఉందా? 2025 జూన్ 30న మన పాశమైలారంలోనే ఒక పేలుడు నలభై మందికి పైగా ప్రాణాలు తీసింది. వాళ్లలో ఒడిశా, బీహార్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లున్నారు. ఆ తర్వాత కూడా ఈ ప్రాంతంలో ఎవరైనా అధికారం లేని బాధ్యత నెత్తిన పెట్టుకుంటే నాకు భయమేస్తుంది. మీ కింద పనిచేసేది ఎక్కువగా అలా వలస వచ్చిన కాంట్రాక్టు కార్మికులే. ప్రమాదం గురించి వాళ్లకు అర్థమయ్యేలా చెప్పేంత హిందీ అయినా నేర్చుకోవాలి.

మనుషుల సంగతి కూడా ఉంది. నిన్నటిదాకా ఒకే డబ్బాలో తిన్న స్నేహితుడికి రేపు సెలవు లేదని చెప్పాల్సి వస్తుంది. కొందరికి అది చేతకాదు. అందులో చిన్నతనం ఏమీ లేదు. మంచి ఫిట్టర్‌గా, మంచి ఆపరేటర్‌గా రిటైరైనవాళ్లంటే నాకు ఎంతో గౌరవం. కానీ కొత్తవాడికి పని నేర్పుతున్నప్పుడు సంతోషపడేవాళ్లు, తగువు వస్తే ఇద్దరి మాటా వినగలిగేవాళ్లు మీలో ఉన్నారు. వాళ్లు వెనకాడొద్దు. పని తెలిసినవాడు పైన ఉంటేనే కిందివాళ్లు క్షేమంగా ఇంటికి వెళ్తారు.

అందుకే నా విన్నపం ఒక్కటే. ప్రమాదమనిపిస్తే మిషన్ ఆపే అధికారం ఇస్తున్నట్టు, ఆరు నెలల్లో కుదరకపోతే పాత పనికి, పాత జీతానికి తిరిగి రావచ్చని ఉత్తర్వులోనే రాయించుకున్నాకే సంతకం పెట్టండి.