ముందు నీళ్ళు, తరువాత తువాలు
(రేడియో ప్రసంగ పాఠము)

 

ఈ దినము మన ధ్యానము కొరకు యోహాను సువార్త 13వ అధ్యాయము, మొదటి 17 వచనములు. బైబిలు దగ్గర ఉన్నవారు తెరిచి పెట్టుకోండి. అయితే వాక్యములోనికి వెళ్ళకముందు మిమ్మల్ని ఒక్కసారి మఠంపల్లిలో మా ఇంటి ముందరికి తీసుకొని వెళ్ళాలి. అక్కడ వేపచెట్టు కింద మా కారు నిలబడి ఉంటుంది. ఈ రోజు మనము దానిని కడుగుదాము.

"ఇదేమి ప్రసంగము, కారు కడగడము ఎవరికి తెలియదు?" అని మీరు అనవచ్చు. నేనూ అట్లాగే అనుకొన్నాను. తెలియకనే ఒక కారును, ఒక మనిషిని కూడా గాయపరచుకొన్నాను. అందుకే చెప్పుచున్నాను, కొంచెము ఓపికగా వినండి.

మాది సిమెంటు సీమ. సున్నపురాయి, సిమెంటు లారీలు పగలూ రాత్రీ తిరిగే రోడ్లు మావి. హుజూర్‌నగర్ దాకా వెళ్ళి వచ్చినా చాలు, బండి మీద సన్నటి బూడిద రంగు పొర పేరుకొంటుంది. మిర్యాలగూడ వైపు వెళితే రైస్ మిల్లుల ఊక బూడిద తోడవుతుంది. చలికాలములో తెల్లవారుజామున దాని మీద మంచు కురిస్తే ఇంకా కష్టము. సిమెంటుకు తడి తగిలితే గట్టిపడే గుణము ఉన్నది కదా! అందుకని ఎక్కువ రోజులు ఉంచకుండా కడగాలి. ఎట్లా కడగాలి అన్నదే ప్రశ్న.

రెండు సంవత్సరముల క్రితము అప్పు చేసి ఒక పాత కారు కొన్నాను. ముదురు నీలము రంగు. మా అన్న కొడుకు ఒకడు ఉన్నాడు, అప్పుడు ఇంటర్ రెండవ సంవత్సరము చదువుతున్నాడు. ఆదివారము చర్చిలో డోలక్ వాయించేది వాడే. నేనంటే ప్రాణము. ఒక రోజు మేమందరము కోదాడలో పెండ్లికి వెళ్ళాలి. బాబాయి కారు మెరిసిపోవాలని వాడు నాకు చెప్పకుండా తెల్లవారకముందే లేచాడు. ఒక పాత గుడ్డ తీసుకొన్నాడు. అందరికీ నిద్రాభంగము అవుతుందని మోటారు వేయలేదు, నీళ్ళు పోయలేదు. ఆ దుమ్మునంతా ఎండు గుడ్డతోనే గుండ్రముగా రుద్ది రుద్ది తుడిచాడు. చెమటలు కక్కుతూ కారు మొత్తము తుడిచాడు.

ఎండ వచ్చింది. చూస్తే బానెట్ మీద, డోర్ల మీద సాలెగూడు వలె సన్నటి గీతలు. పెండ్లికి బయలుదేరిన బంధువులందరూ వాకిట్లోనే ఉన్నారు. వారి ముందర నేను నోరు పారవేసుకొన్నాను. "చేతకాని పని ఎవడు చేయమన్నాడురా నిన్ను? దీని వెల ఎంతో తెలుసా?" అన్నాను. ఇంకా కొన్ని మాటలన్నాను, అవి ఈ రేడియోలో చెప్పదగినవి కావు. వాడు ఒక్క మాట మాట్లాడలేదు. చేతిలోని గుడ్డ మెట్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ ఆదివారము చర్చిలో డోలక్ మోగలేదు. తరువాతి ఆదివారము కూడా మోగలేదు. మూడు నెలలు గడిచినా వాడు మా గడప తొక్కలేదు.

ఆ గీతలు పోగొట్టుకొందామని నేను కారును ఒక షెడ్డుకు తీసుకొని వెళ్ళాను. అక్కడ ఒక పెద్దాయన వేలితో బానెట్ తడిమి, "సార్, ఎండు గుడ్డతో తుడిచారా?" అని అడిగాడు. తరువాత నాకు పాఠము చెప్పినట్టు చెప్పాడు. రంగు మీద అద్దము వంటి ఒక పారదర్శకమైన పొర ఉంటుందట, దానిని క్లియర్ కోట్ అంటారట. అది తలవెంట్రుక కంటె పలుచన. ధూళిలో ఉండే ఇసుక రేణువులు ఆ పొర కంటె గట్టివి. పొడిగా రుద్దితే గుడ్డ తుడవదు, ఆ రేణువులను పట్టుకొని గీస్తుంది. అదే ముందు నీళ్ళు పోస్తే రేణువులు వదులై జారిపోతాయి, ఆ తరువాత గుడ్డకు పని తేలిక. "మరి ఈ గీతలు?" అన్నాను. "పాలిష్ పెడితే పోతాయి సార్. కాని పాలిష్ అంటే ఆ పొరను కొంచెము అరగదీయడమే. ఎన్నిసార్లైనా చేయవచ్చు అనుకోకండి" అన్నాడు.

ప్రియులారా, ఆ మాట విని నేను అక్కడే ఒక స్టూలు మీద కూర్చుండిపోయాను. నా పిల్లవాడు కారుకు చేసినది, ఆ ఉదయమే నేను వాడికి చేశాను. వాడిలో పొరపాటు ఉన్నది, నిజమే. నేను చెప్పినది అబద్ధము కాదు. కాని నీళ్ళు పోయకుండా రుద్దాను. పైగా వాడికి ఎట్లా కడగాలో ఎన్నడైనా నేర్పానా? లేదు. నేర్పని పనికి శిక్ష వేశాను.

సరే, ఆ పెద్దాయన దగ్గర నేర్చుకొన్నది మీకూ చెప్పుతాను, పనికివస్తుంది.

బండిని నీడలో పెట్టాలి. బానెట్ వేడిగా ఉండగా కడగకూడదు. సబ్బునీళ్ళు అక్కడికక్కడే ఎండి మరకలు కడతాయి. రెండు బకెట్లు కావాలి. ఒకదానిలో కారు షాంపూ కలిపిన నీళ్ళు, రెండవదానిలో ఉత్త నీళ్ళు. అంట్లు తోమే సబ్బు, బట్టల పొడి వాడవద్దు. పైన ఉన్న మైనపు పూతను అది తీసివేస్తుంది. మొట్టమొదట గుడ్డ ముట్టకుండా ఉత్త నీళ్ళు పైకప్పు మీద నుండి కిందికి పోయాలి. సగము మురికి చేయి పెట్టకుండానే పోతుంది. అప్పుడు మెత్తని గుడ్డను షాంపూ నీళ్ళలో ముంచి, పైనుండి కిందికి, గుండ్రముగా కాకుండా నిలువు గీతలా తుడవాలి. కొంత భాగము తుడవగానే గుడ్డను ఉత్త నీళ్ళ బకెట్‌లో జాడించి, ఆ తరువాతే మళ్ళీ షాంపూలో ముంచాలి. ఇసుక అంతా ఆ రెండవ బకెట్ అడుగున చేరుతుంది. చివర ఒకసారి చూడండి, మీ గుడ్డలో ఎంత ఇసుక దాగి ఉన్నదో మీకే తెలుస్తుంది! చక్రములకు వేరే గుడ్డ. కింద పడిన గుడ్డను మళ్ళీ కారుకు తగిలించవద్దు. పక్షి రెట్ట ఎండిపోయి ఉంటే గోకవద్దు. తడిగుడ్డ దాని మీద పరచి పది నిమిషములు నాననివ్వండి, అదే వదులుతుంది. అంతా కడిగిన తరువాత వెంటనే మైక్రోఫైబర్ తువాలుతో అద్దాలి. మన బోరు నీళ్ళలో ఉప్పులు ఎక్కువ, ఆరనిస్తే తెల్లటి చుక్కలు మిగులుతాయి.

ఇంకొక మాట. పైపు వదిలిపెట్టి కడగవద్దు. నిమిషమునకు పది లీటర్లు పడే పైపు అరగంట పారితే మూడు వందల లీటర్లు. అదే బకెట్లతో అయితే నాలుగైదు బకెట్లలో పని ముగుస్తుంది. 2024 మార్చిలో బెంగళూరులో నీటి కరువు వచ్చినప్పుడు, త్రాగే నీళ్ళతో కార్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని అక్కడి నీటి బోర్డు ప్రకటించింది. మనకు ఇది క్రొత్త పాఠము కాదు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదలకముందు ఈ నేల ఎట్లా ఉండేదో మన పెద్దలు చెప్పగా విన్నాము. ఫ్లోరైడు నీళ్ళు త్రాగి ఎముకలు వంగిపోయినవారిని నల్గొండ సీమలో మన కండ్లతో చూశాము. త్రాగడానికి ఇంటికి వచ్చే మంచినీళ్ళు చక్రముల మీద పారబోసే హక్కు మనకు లేదు.

ఇప్పుడు వాక్యములోనికి వద్దాము. కారు కడగడము అనగానే మీలో కొందరు మత్తయి సువార్త 23వ అధ్యాయము తలచుకొని ఉంటారు. గిన్నె వెలుపల శుద్ధిచేసి లోపల విడిచిపెట్టినవారిని గూర్చి ప్రభువు అక్కడ మాట్లాడాడు. అది మంచి పాఠము, ఇంకొక దినము ధ్యానించుకొందాము. ఈ దినము నేను చూపించాలనుకొన్నది యోహాను 13లోని ఒక వరుస, ఒక క్రమము.

ప్రభువు భోజనము దగ్గర నుండి లేచాడు. పైవస్త్రము తీసి పక్కన పెట్టాడు. తువాలు నడుముకు కట్టుకొన్నాడు. గమనించండి, తువాలు అప్పటికే ఆయన నడుము మీద ఉన్నది. కాని చేయి మొదట తువాలు మీదికి పోలేదు. పళ్ళెములో నీళ్ళు పోశాడు. శిష్యుల పాదములు కడిగాడు. ఆ తరువాతే తువాలుతో తుడిచాడు. ఎండు తువాలుతో ఏ పాదమునూ రుద్దలేదు. ఆ పాదములు ఎటువంటివి? యెరూషలేము వీధుల దుమ్ము నిండినవి. వాటిలో యూదా పాదములు కూడా ఉన్నవి. అతడు బయటికి వెళ్ళినది 30వ వచనములో. తన్ను అప్పగింపబోవువాని పాదముల మీద కూడా ప్రభువు నీళ్ళు పోశాడు.

పేతురు అడ్డము చెప్పినప్పుడు ప్రభువు ఊరకుండలేదు. గట్టిగానే మాట్లాడాడు; కడగనివ్వకపోతే తనతో పాలు ఉండదన్నాడు. అంటే తప్పును తప్పు అని చెప్పవద్దని కాదు నేను అంటున్నది. చెప్పాలి. కాని ఆ మాట చెప్పినప్పుడు ప్రభువు ఎక్కడ ఉన్నాడు? పేతురు పాదముల యొద్ద, నీళ్ళ పళ్ళెము ముందు పెట్టుకొని ఉన్నాడు. నేను ఎక్కడ ఉన్నాను? మెట్ల మీద నిలబడి, పదిమంది చూస్తుండగా, కింద ఉన్న పిల్లవాని మీద అరుస్తూ ఉన్నాను. గలతీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయము మొదటి వచనములో పౌలు కూడా ఇదే నేర్పుచున్నాడు: తప్పులో చిక్కుకొన్నవానిని సరిదిద్దేవారు సాత్వికముతో చేయాలి, తమను తాము కూడా చూచుకోవాలి. నా మాటలో దాగిన ఇసుకను ముందు నేను జాడించుకోవాలి. అందుకే రెండవ బకెట్!

ప్రియ తల్లిదండ్రులారా, సంఘ పెద్దలారా, భార్యాభర్తలారా, మన ఇండ్లలో ఎన్ని ఎండు గుడ్డలు ఉన్నాయో చూడండి. పరీక్ష తప్పిన పిల్లవానికి, కూర మాడ్చిన కోడలికి, అప్పు తీర్చలేని తమ్మునికి, చాలా రోజులకు చర్చికి వచ్చినవానికి మన మొదటి మాట ఏమిటి? "ఇన్నాళ్ళకు గుర్తొచ్చామా?" అంటాము. అది నిజమే కావచ్చు. కాని పొడిగా రుద్దిన నిజము. మన పొలాల్లో ఎడ్లను కడిగే రైతు కూడా ముందు కాలువలోకి దింపి నీళ్ళు చల్లి, ఆ తరువాతే గడ్డి చుట్టతో రుద్దుతాడు. పశువుకు చూపే ఆ ఓపిక మన పిల్లలకు చూపలేమా?

ఆ శనివారము సాయంత్రము నేను మా అన్న ఇంటికి వెళ్ళాను. వదినె తలుపు తీసి, "ఏమయ్యా, దారి తప్పి వచ్చావా?" అన్నది. లోపల పిల్లవాడు పుస్తకము ముందు పెట్టుకొని తల ఎత్తలేదు. నేను వాని పక్కన నేల మీద కూర్చున్నాను. "నాన్నా, నీవు నాకు మంచి చేయాలని లేచావు. నేను అది చూడలేదు, గీతలే చూశాను. అందరి ముందర నిన్ను అవమానపరిచాను. నన్ను క్షమించురా" అన్నాను. వాడు ఏమీ మాట్లాడలేదు. కొంతసేపు కూర్చొని లేచి వచ్చాను. మరుసటి శనివారము నేను రెండు బకెట్లతో కారు కడుగుతుంటే గేటు చప్పుడైంది. వాడు వచ్చి నిలబడ్డాడు. "బాబాయ్, రెండో బకెట్ ఎందుకు?" అని అడిగాడు. ఆ రోజు కారు మేమిద్దరమే కడిగాము.

శ్రోతలారా, కథ అంతటితో చక్కబడిపోయిందని నేను చెప్పను. వాడు ఇప్పుడు చర్చికి వస్తున్నాడు, కాని చివరి వరుసలో కూర్చొంటున్నాడు. డోలక్ ఇంకా ముట్టలేదు. నేను అడగడము లేదు. ఎండిపోయిన మరక మీద తడిగుడ్డ పరచి నాననిస్తున్నాను. గోకితే మళ్ళీ గీత పడుతుంది. పాలిష్ పెట్టించిన ఆ కారును కూడా ఎండలో వంచి చూస్తే ఒకటి రెండు గీతలు కనబడుతూనే ఉన్నాయి. వాటిని చూచినప్పుడెల్లా నేను నా నోటిని జ్ఞాపకము చేసుకొంటున్నాను.

ఈ వారము మీరు ఎవరినైనా సరిదిద్దవలసి వస్తే, ముందు నీళ్ళు పోయండి. ఒక పలకరింపు, ఒక మంచి మాట, ఒక పూట ఓపిక. తువాలు ఎక్కడికీ పోదు, నడుముకే ఉంటుంది. మీరు ఇప్పటికే గాయపరచినవారు ఎవరైనా ఉంటే, వారి గడప దగ్గరికి మీరే వెళ్ళండి. వారు వచ్చేదాకా కనిపెట్టవద్దు.

ప్రార్థన చేసికొందాము. పరలోకమందున్న మా తండ్రీ, మా మురికిని చూచి కూడా మమ్మును గీయక, నీ కృప చేత కడిగినందుకు స్తోత్రములు. మా నాలుకలలో దాగిన ఇసుకను కడిగివేయుము. మా మాటల చేత గాయపడి దూరమైన బిడ్డలను, అన్నదమ్ములను, అక్కచెల్లెండ్రను నీవే ఆదరించుము. క్షమాపణ అడుగుటకు మాకు ధైర్యమును, కనిపెట్టుటకు ఓపికను దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

దేవుడు మిమ్మును, మీ కుటుంబములను దీవించును గాక. వచ్చే వారము ఇదే సమయమునకు మరల కలుసుకొందాము.