తుమ్ములును, ప్రేగులలోని సూక్ష్మజీవులును

(కోటప్పకొండ తిరునాళ్లలో చేసిన ప్రసంగ పాఠము)



త్రికోటేశ్వరస్వామి దర్శనమునకు వచ్చిన మీలో పలువురు ఉదయమునుండి తుమ్ముచుండుట మేము గమనించితిమి. ప్రభలవెంట లేచు ధూళి అట్టిది. మిరప కల్లములయొద్ద ఘాటునకు తుమ్మనివారుండరు. అది వ్యాధి కాదు. కాని పదిమందికి హాని చేయని దుమ్మునకో, పుప్పొడికో కొందరికి మాత్రము గంటలతరబడి తుమ్ములు, ముక్కునుండి నీరు, కండ్ల దురద కలుగుచుండును. జ్వరముండదు. దీనినే ఎలర్జీ పడిశమందురు. చేలగట్లపై తెల్లని పూలతోనుండు వయ్యారిభామ పుప్పొడి దీనికొక కారణము.

దుమ్ము ముక్కులో పడగా ప్రేగుల ప్రసక్తి ఎందుకని మీరడుగవచ్చును. మన ప్రేగులలో లక్షల కోట్ల సూక్ష్మజీవులు కాపురమున్నవి. వీనిలో పెక్కు మనకు మిత్రములు. మనము జీర్ణించుకొనలేని పీచుపదార్థమును ఇవి పులియబెట్టి బ్యుటిరేట్ వంటి ఆమ్లములను తయారుచేయును. శరీరరక్షణకై పోరాడు కణములకు ఎవరు శత్రువులో, ఎవరు కారో నేర్పుటలో ఈ ఆమ్లములు తోడ్పడును. శిక్షణ చాలని కావలివాడు దొంగను విడిచి చుట్టమును కొట్టినట్లు, ఆ కణములు పుప్పొడిని శత్రువని భ్రమించినప్పుడు తుమ్ములు మొదలగును.

1989లో స్ట్రాకన్ అను బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు 17,000కు పైబడిన పిల్లల వివరములు పరిశీలించి, అన్నలు, అక్కలు ఎక్కువగానున్న పిల్లలకు ఈ పడిశము తక్కువని తెలిపెను. తరువాత ఆల్ప్స్ పర్వతప్రాంతమున పశువుల కొట్టముల నంటి పెరిగిన పిల్లలలోను అట్లే కనుగొనిరి. బాల్యముననే పలువిధములైన సూక్ష్మజీవులతో పరిచయమగుట కారణమని శాస్త్రజ్ఞుల ఊహ. అట్లని మురికినీరు త్రాగుడని మేము చెప్పుట లేదు. కలరా, టైఫాయిడ్ క్రిములు ఎవరికిని మిత్రములు కావు.

భీమవరమున జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి ఆధ్వర్యమున 1948లో ఆరియోమైసిన్ లోకమునకు లభించెను. అట్టి యాంటీబయాటిక్ మందులు ఎన్నో ప్రాణములు కాపాడినవి. కాని అవి శత్రుమిత్ర భేదము నెరుగవు. ప్రేగులలోని మిత్రులను గూడ చంపును. పసితనమున వీనిని వాడిన పిల్లలలో తరువాత ఎలర్జీలు కొంత ఎక్కువగా కనిపించుచున్నట్లు పరిశీలనలు చెప్పుచున్నవి. పైగా ఎలర్జీ తుమ్ములకు ఈ మందులు పనిచేయనే చేయవు. అయినను డాక్టరు చీటీ లేకయే మందులషాపులో నాలుగు బిళ్ళలడిగి తెచ్చి పిల్లవానిచే మ్రింగించు తల్లిదండ్రులను మేము తరచు చూచుచున్నాము. మాకు బాధ కలిగించునది ఇదియే.

మజ్జిగ త్రాగిన ఈ పడిశము పోవునా యని ఒక పెద్దాయన ఇంతకుముందే అడిగినారు. పోవునని చెప్పజాలము. మేలుచేయు సూక్ష్మజీవులను మందుగా ఇచ్చి చేసిన పరీక్షలలో కొన్నింట గుణము కనబడెను, కొన్నింట లేదు. జొన్నలు, పప్పులు, ఆకుకూరలు, మజ్జిగ ఎట్లును మంచివే. తుమ్ములు వారములతరబడి వదలనిచో, రాత్రులు రొమ్ములో పిల్లికూతలు వినవచ్చినచో, నరసరావుపేట ప్రభుత్వాసుపత్రిలో చూపించుకొనుడు. ఈ పూట ప్రభలు కదలునప్పుడు మాత్రము ముక్కునకు తడి కండువా అడ్డముంచుకొనుడు.