వేలి చివర ఒక అదనపు కణుపు

మా మాస్టారి బల్ల మీద ఎప్పుడూ ఒక భూతద్దం, దాని కింద ఏదో ఒక కప్ప కాలు ఉండేవి. ఆయన పేరిట జరుగుతున్న ఈ ఉపన్యాసంలో కప్ప వేలి గురించే మాట్లాడతాను. అందులోనూ ఆవగింజకు మించని ఒక ముక్క గురించి.

ఇంటర్మీడియట్‌లో జంతుశాస్త్రం చదివినవారికి కప్ప అస్థిపంజరం గుర్తుండే ఉంటుంది. తొమ్మిది కశేరుకలు, వాటి వెనక పొడవాటి యూరోస్టైల్. పక్కటెముకలు లేవు. ముంజేతి ఎముకలు రెండూ కలిసిపోయి రేడియో-అల్నా, పిక్కలోవి కలిసిపోయి టిబియో-ఫిబ్యులా. వేళ్ల ఎముకలు ముందుకాలిలో వరసగా 2, 2, 3, 3. వెనకకాలిలో 2, 2, 3, 4, 3. ఈ లెక్కను మనం బోదురుకప్ప మీద నేర్చుకున్నాం.

వానాకాలంలో స్నానాలగది గోడకు అతుక్కుని కూర్చునే చెట్టుకప్ప, పాలిపిడేటస్ మాక్యులేటస్, వేళ్లు చూడండి. ప్రతి వేలిలోనూ చివరి ఎముకకూ దాని ముందు ఎముకకూ నడుమ ఆ లెక్కలో లేని ఇంకో ముక్క ఉంటుంది. దాన్ని ఇంటర్‌కలరీ అంటారు. కొన్ని జాతుల్లో అది మృదులాస్థిగానే మిగిలిపోతుంది, కొన్నిటిలో గట్టిపడి ఎముకవుతుంది. దానివల్ల వేలి చివర ఒక కీలు ఉండాల్సిన చోట రెండు కీళ్లు ఏర్పడ్డాయి. మిగతా వేలు పైకి లేచి వంగినా కొసనున్న మెత్త గోడకు సమంగా ఆనుకుని ఉండగలుగుతుంది. పట్టుకు కావలసిన తడి, చర్మకణాలు మెత్తలో ఉన్నాయి, నిజమే. ఆ మెత్తను సరైన కోణంలో నిలపడం మాత్రం ఈ ముక్క పని. చెట్టుకప్ప అనగానే అందరూ మెత్తనే తలుచుకుంటారు. నాకు ఈ ముక్క మీదే మక్కువ ఎక్కువ.

దీన్ని కళ్లారా చూడాలంటే రంగులు వేయాలి. ఆల్సియన్ బ్లూ మృదులాస్థికి పడుతుంది, అలిజరిన్ రెడ్ ఎముకకు పడుతుంది. ట్రిప్సిన్‌తో కండను తేటపరిచి గ్లిసరిన్‌లో ఉంచితే కాలు మొత్తం పారదర్శకమవుతుంది. డింగర్‌కస్, ఊలర్ 1977లో ప్రచురించిన పద్ధతి ఇది. ఎర్రటి వేలి ఎముక, దాని కొసన నీలం ముక్క, ఆపైన Y ఆకారంలో చీలిన ఎర్రటి చివరి ఎముక వరసగా కనిపిస్తాయి.

ఇప్పుడు మేఘాలయ కొండల్లోని హైలా అనెక్టన్స్ వేలును దీని పక్కన పెట్టి చూద్దాం. అక్కడా మధ్య ముక్క ఉంది. చివరి ఎముక మాత్రం చీలలేదు, గోరులా వంగి ఉంది. రెండూ చెట్టెక్కేవే, రెండిటికీ మెత్తలున్నాయి, కానీ వంశాలు వేరు. న్యూయార్క్‌లో జి. కె. నోబుల్, జేకిల్‌తో కలిసి 1928లోనే చెట్టుకప్పల మెత్తల పుట్టుకను సూక్ష్మదర్శిని కింద పరిశీలించాడు. ఈ ముక్క ఒక్కసారి కాదు, వేర్వేరు కప్ప వంశాల్లో విడివిడిగా పుట్టిందని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. కాబట్టి దీన్నొక్కదాన్నే చూసి చుట్టరికం కలపకూడదు.

దక్షిణ అమెరికా నీటికప్ప సూడిస్ అయితే అసలు చెట్టే ఎక్కదు. హైలా కుటుంబానిదే అయినా జీవితమంతా చెరువుల్లో గడుపుతుంది. దాని వేలిలో ఇంటర్‌కలరీ పొడుగ్గా సాగి, గట్టిపడి, ఇంకో వేలి ఎముకేనేమో అనిపిస్తుంది. అక్కడ అది పొరకాలిని పొడిగించి ఈతకు పనికొస్తోంది. గోడ ఎక్కడానికే ఈ ముక్క పుట్టిందని అనేవారు ముందు సూడిస్‌కు సమాధానం చెప్పుకోవాలి.

మన దేశంలో ఈ ముక్కను చూడటానికి కప్పలకు కొదవ లేదు. పడమటి కనుమల పొదకప్పల ప్రజాతి రావోర్కెస్టిస్‌కు బెంగళూరు ఆచార్యులు సి. ఆర్. నారాయణరావు గారి పేరే పెట్టారు. ఆయన తొలి సంపాదకులుగా ఉన్న ‘కరెంట్ సైన్స్’ పత్రికలోనే 2010లో ఆ పేరు వెలువడింది.

అయితే 2011 నాటి యూజీసీ మార్గదర్శకాల తర్వాత కళాశాలల్లో కప్పల కోత ఆగుతూ వచ్చింది. మంచిదే. దాని స్థానంలో స్కాన్ బొమ్మలు వచ్చాయి. కానీ ఎక్స్-కిరణాల బొమ్మలో ఎముక పడినంత స్పష్టంగా మృదులాస్థి పడదు. చెట్టుకప్ప వేలిలో ఆ చోటు ఖాళీగా కనిపిస్తుంది. రోడ్డు మీద నలిగి చనిపోయిన కప్పలు ప్రతి వానాకాలం దొరుకుతూనే ఉంటాయి. ఈ సభలో ఉన్న అధ్యాపకులు తగిన అనుమతితో అలాంటి ఒక్క కాలికైనా నీలం, ఎరుపు రంగులు పట్టించి పిల్లల ముందు పెట్టాలని కోరుతున్నాను.